బ్రౌజర్‌కి రియాక్ట్ రాదు సార్: అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు బహిరంగ లేఖ

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నడుపుతున్న యాజమాన్యాలకు, అక్కడ పాఠాలు చెప్తున్న సార్లకూ మేడమ్‌లకూ,

నమస్కారం.

పోయిన నెల మా అక్క కొడుకు ఒంగోలు నుంచి వచ్చి ఎస్సార్ నగర్ హాస్టల్లో దిగాడు. బీటెక్ సివిల్‌లో చేశాడు, ఉద్యోగం మాత్రం సాఫ్ట్‌వేర్‌లో కావాలంటాడు. మెట్రో మెట్లు దిగి మైత్రీవనం దాకా నడిచేలోపు చేతిలో పదకొండు పాంప్లెట్లు పెట్టారట. ఆ సాయంత్రం వాటిని మా ఇంట్లో టీపాయ్ మీద పేకముక్కల్లా పరిచి, "మామయ్యా, ఫ్రంటెండ్‌కి వీటిల్లో ఏ లాంగ్వేజ్ నేర్చుకోమంటావ్?" అని అడిగాడు. ఫ్రంటెండ్ అంటే వెబ్‌సైట్‌లో మన కంటికి కనపడే, మనం నొక్కే భాగం.

అన్నీ తిరగేశాను. రియాక్ట్, యాంగ్యులర్, వ్యూ, నెక్స్ట్, రీడక్స్, టైప్‌స్క్రిప్ట్, వాటి కింద నోడ్, మాంగో, ఇంకా కింద క్లౌడ్. మొత్తం కలిపి 90 రోజులు. ఒక కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో లైన్ ఉంది: "హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ బేసిక్స్ ఫ్రీ."

కూరగాయల బండి దగ్గర కిలో టమాటాలు కొంటే కొసరుగా గుప్పెడు కరివేపాకు వేస్తారు చూడండి, ఆ మూడింటినీ అలా వేశారు. ఈ ఉత్తరం ఆ కొసరు గురించే.

ముందే ఒక సంగతి చెప్పుకోవాలి. అమీర్‌పేటని వెక్కిరించడం ఈమధ్య ఫ్యాషన్ అయింది. నేను ఆ గుంపులో లేను. నేనూ మీ మెట్లు ఎక్కినవాణ్నే. 2010 మే నెలలో, నాన్న పొగాకు వేలం డబ్బుల్లోంచి పంపిన తొమ్మిది వేలు కట్టి, మూడో అంతస్తులో ఒక రేకుల గదిలో ఫ్లాష్ నేర్చుకున్నాను. ఏ సెంటరో చెప్పను, ఇప్పుడది లేదు కూడా. కూర్చోడానికి కుర్చీ దొరకాలంటే ఉదయం ఏడింటి క్లాసుకి ఆరున్నరకే వెళ్ళాలి. వెబ్‌లో కదిలే బొమ్మ ఏది కనపడినా అది ఫ్లాషే అనీ, ఇంకో పదేళ్ళు దీనికి తిరుగులేదనీ డెమో క్లాసులో చెప్పారు. నేను ఫీజు కట్టడానికి సరిగ్గా నెల ముందే, 2010 ఏప్రిల్‌లో, ఐఫోన్‌లోకి ఫ్లాష్‌ని ఎందుకు రానివ్వమో వివరిస్తూ ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆ సంగతి మా సార్‌కి తెలుసో లేదో, మాకైతే తెలియదు. 2020 డిసెంబర్ 31తో అడోబీ కంపెనీయే ఫ్లాష్‌కి మంగళం పాడింది.

మరి తొమ్మిది వేలూ బూడిదలో పోశానా అంటే, లేదు. మా సార్ ఒకరోజు ఈవెంట్ బబ్లింగ్ చెప్పారు, అంటే తెర మీద ఒకచోట నొక్కిన కబురు లోపలి డబ్బా నుంచి బయటి డబ్బాలకి ఒక్కొక్కటిగా పాకడం. "చంటోడు గదిలో ఏడిస్తే ముందు పక్కనున్న అమ్మకి వినపడుతుంది. తర్వాత హాల్లో నానమ్మకి, తర్వాత వరండాలో తాతయ్యకి, చివరికి వీధికి. మధ్యలో అమ్మ ఎత్తుకుని ఊరుకోబెట్టిందనుకో, ఏడుపు అక్కడితో ఆగుతుంది. అదే స్టాప్ ప్రాపగేషన్." అంతే, పెన్ను కింద పెట్టి అందరం నవ్వాం. తర్వాత మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ సరంజామా మీద పని దొరికినప్పుడు నన్ను నిలబెట్టింది ఆ చంటోడే. ఫ్లాష్‌లో రాసే యాక్షన్‌స్క్రిప్ట్, బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ రెండూ ఎక్మాస్క్రిప్ట్ అనే ఒకే ప్రమాణం మీద కట్టినవి. అందుకే టూల్ చచ్చిపోయినా పాఠం బతికింది. ఇంగ్లీషు పుస్తకం పది పేజీల్లో చెప్పేదాన్ని తెలుగులో రెండు నిమిషాల్లో బుర్రకెక్కించే విద్య మీ దగ్గర ఉంది. దాన్ని దేనిమీద ఖర్చుపెడుతున్నారన్నదే నా బాధ.

మావాడి ప్రశ్నకి వస్తాను. ఏ లాంగ్వేజ్ ఎంచుకోవాలి అని అడిగాడు. తెర వెనక సర్వర్‌లో నడిచే బ్యాకెండ్‌కైతే అది సరైన ప్రశ్న. జావా, పైథాన్, సీ షార్ప్, గో, ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. ఫ్రంటెండ్‌లో ఆ ఎంపిక మనకి లేదు. బ్రౌజర్ ఎప్పుడో ఎంచేసుకుంది. పేజీలో ఏముందో చెప్పడానికి హెచ్‌టీఎంఎల్, ఎలా కనపడాలో చెప్పడానికి సీఎస్‌ఎస్, నొక్కితే ఏం జరగాలో చెప్పడానికి జావాస్క్రిప్ట్. 2019లో వెబ్ అసెంబ్లీ అనే నాలుగోదానికి కూడా అధికారికంగా పీట వేశారు గానీ, ఫొటోషాప్ లాంటి బరువైన వాటిని బ్రౌజర్‌లో నడపాలనుకునేవాళ్ళ గొడవ అది, ఫ్రెషర్‌కి అక్కర్లేదు. టైప్‌స్క్రిప్ట్ అంటే ఏది అంకో, ఏది అక్షరాలో టైపులుగా రాసిపెట్టుకునే జావాస్క్రిప్ట్. అది రాస్తే ఆ టైపులన్నీ చెరిపేసి జావాస్క్రిప్ట్‌గా మార్చాకే బ్రౌజర్‌కి ఇస్తాం. రియాక్ట్ అసలు లాంగ్వేజే కాదు, జావాస్క్రిప్ట్‌లో ముందే రాసిపెట్టిన కోడ్ మూట, అంటే లైబ్రరీ. బ్రౌజర్‌కి రియాక్ట్ రాదు సార్. అందులో ఏం రాసినా చివరికి ఈ మూడింట్లోకి దించి చెప్తేనే దానికి అర్థమవుతుంది.

ఈ జావాస్క్రిప్ట్‌ని తప్పించి ఆ చోట్లో ఇంకోటి పెట్టాలని పెద్దపెద్దవాళ్ళే చూశారు. మైక్రోసాఫ్ట్ మొదట్లో వీబీస్క్రిప్ట్ తెచ్చింది, తర్వాత సిల్వర్‌లైట్ తెచ్చింది. గూగుల్ 2011లో డార్ట్ తెచ్చి, దాన్ని నేరుగా క్రోమ్‌లోనే నడిపిద్దామనుకుని, 2015లో ఆ ఆలోచన మానుకుంది. ఎవరివల్లా కాలేదు. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలి రూపం రాసిన భాష ఇది. ఆ తొందరలో పడిన వంకరలు ఇవాళ్టికీ అందులో ఉన్నాయి. తీసేస్తే పాత వెబ్‌సైట్లు పాడవుతాయి కాబట్టి ఎవరూ తీయరు. వెబ్ ఎదిగిన పద్ధతే అది, పాతదాన్ని పడగొట్టకుండా పక్కన కొత్త గది వేసుకుంటూ పోతుంది. 1996లో వచ్చిన మొదటి సీఎస్‌ఎస్‌లో నేర్చుకున్న మార్జిన్, ప్యాడింగ్ ఇప్పటికీ పనికొస్తాయి.

దీని పక్కన ఫ్రేమ్‌వర్కుల సంగతి, అంటే జావాస్క్రిప్ట్ మీద కట్టిన రియాక్ట్, యాంగ్యులర్ లాంటి చట్రాల సంగతి చూడండి. 2010లో వచ్చిన యాంగ్యులర్‌జేఎస్ నేర్చుకున్నవాళ్ళు, 2016లో యాంగ్యులర్ 2 వచ్చాక దాదాపు మొదట్నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. పేరొక్కటే, లోపల వేరే సరుకు. 2013లో బయటికొచ్చిన రియాక్ట్‌లో పేజీ ముక్కల్ని క్లాస్ కాంపొనెంట్లుగా రాయడం బట్టీపట్టినవాళ్ళకి 2019లో హుక్స్ అనే కొత్త పద్ధతి వచ్చి పడింది. కొత్త రియాక్ట్ ప్రాజెక్టులకి ప్రాజెక్టు మొదలుపెట్టి ఇచ్చే క్రియేట్ రియాక్ట్ యాప్ అనే టూల్ వాడొద్దని ఆ టీమే 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. మావాడు డెమో క్లాసు నుంచి తెచ్చిన జిరాక్స్ నోట్సు మొదటి పేజీ మాత్రం ఇంకా దాంతోనే మొదలవుతోంది. అదీ మూడోసారి జిరాక్స్ తీసిన కాపీ, సగం అక్షరాలు వెలిసిపోయాయి.

ఇప్పుడు ఒక ఇంటర్వ్యూ సంగతి చెప్తాను. నేను నెలకి నాలుగైదు ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ఈమధ్య ఒకమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. క్లోజర్ అంటే ఏమిటో, వర్చువల్ డామ్ అంటే ఏమిటో గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ల్యాప్‌టాప్ ఇచ్చి చిన్న పని పెట్టాను. ఒక డబ్బాలో బిల్లు టైప్ చేస్తారు, దానికి డెలివరీ 50 కలిపి, కూపన్ 100 తీసేసి, కట్టాల్సింది చూపించాలి. రియాక్ట్‌లో చకచకా రాసేసింది. 500 అని కొట్టాను. స్క్రీన్ మీద 49,950 వచ్చింది.

ఆమెకి చెమటలు పట్టాయి. రియాక్ట్‌లోని యూజ్ ఎఫెక్ట్ అనే హుక్ పెట్టి చూసింది, తీసి చూసింది, డిపెండెన్సీలు మార్చింది. పావుగంట తర్వాత ఏం తోచిందో, ముందు కూపన్ తీసేసి తర్వాత డెలివరీ కలిపేట్టు లైను తిప్పి రాసింది. 450 వచ్చింది! ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడెందుకు సరిగ్గా వచ్చిందమ్మా?" అని అడిగాను. తెలియదంది. "సరే, కూపన్ లేదనుకో, ఆ తీసివేత అక్కడ్నుంచి తీసెయ్యి" అన్నాను. తీసేసింది. 50050.

ఇందులో రియాక్ట్ తప్పేం లేదు. డబ్బాలో మనం కొట్టిన 500 జావాస్క్రిప్ట్ చేతికి అంకెగా రాదు, అక్షరాలుగా వస్తుంది. అక్షరాల పక్కన కూడిక గుర్తు పెడితే అది కూడదు, అతికిస్తుంది. 500 పక్కన 50 అతికితే 50050. తీసివేత గుర్తుకి అతికించడం తెలియదు కాబట్టి అక్షరాల్ని అంకెగా మార్చుకుని లెక్క చేస్తుంది. అందుకే ముందు తీసివేత ఉంటే సరిపోయింది, ముందు కూడిక ఉంటే కొంప మునిగింది. డబ్బాలోంచి తీసుకున్న వెంటనే నంబర్‌గా మార్చే ఒక్క మాట చాలు. మీలో ఏ సారైనా దీన్ని బోర్డు మీద పది నిమిషాల్లో చెప్పగలరు. కానీ ఆ పది నిమిషాలు ఆమె కోర్సులో ఎక్కడా లేవు. జావాస్క్రిప్ట్ నాలుగు రోజుల్లో అయిపోయిందట. ఐదో రోజు నుంచి రియాక్ట్.

ఆమెని తీసుకోలేదు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు, ఆమెకి పట్టి ఉంటుందని అనుకోను.

హెచ్‌టీఎంఎల్ పరిస్థితి ఇంకా కనాకష్టం. రెండు రోజుల్లో ముగిస్తారు. అదేముంది, ట్యాగులేగా అంటారు. నా దగ్గరికొచ్చే పదిమందిలో ఎనిమిది మంది బటన్ కావాల్సిన చోట డివ్ అనే ఉత్త డబ్బా పెట్టి, దానికి రంగు వేసి, క్లిక్ తగిలిస్తారు. మౌస్‌తో నొక్కితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో వెళ్ళమంటే ఆ డివ్ దగ్గర ఆగదు, ఎంటర్ కొట్టినా ఉలకదు. చూపులేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్ అక్కడ బటన్ ఉందని చెప్పదు. బటన్ ట్యాగు పెట్టి ఉంటే ఇవన్నీ ఉట్టినే వచ్చేవి. వికలాంగుల హక్కుల చట్టం 2016 నుంచే ఉంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఇకమీదట కంపెనీలు ఈ పని తెలిసినవాళ్ళ కోసం వెతుక్కుంటాయి. మీ ఫ్లెక్సీల మీద ఈ మాట నాకు ఒక్కచోటా కనపడలేదు.

మీరేమంటారో నాకు తెలుసు, ఎందుకంటే ఒక సార్‌తో మొన్న టీ తాగుతూ ఇదే వాదన పెట్టుకున్నాను. ఆయన చెప్పిందాంట్లో నిజం ఉంది. "మీరు ఉద్యోగాల ప్రకటనల్లో రియాక్ట్ అని రాస్తారు. పిల్లలు రియాక్ట్ అని అడుగుతారు. నేను నెల రోజులు హెచ్‌టీఎంఎల్ చెప్తే వాళ్ళు పక్క మెట్లెక్కి పోతారు. అద్దె మీరు కడతారా?" అన్నారు. తప్పులో సగం మాదే, ఒప్పుకుంటాను. మా హెచ్‌ఆర్ వాళ్ళు ప్రకటన రాసేటప్పుడు ఇంకో కంపెనీ ప్రకటన ముందు పెట్టుకుని రాస్తారు. ఫ్రెషర్‌కి కూడా పన్నెండు పేర్లు. మా దగ్గర ఇప్పుడు దాన్ని ఐదుకి కుదించాను, అదీ బోలెడు మెయిళ్ళ తర్వాత.

అందుకే బోర్డు మార్చమని అడగను. బోర్డు మీద రియాక్ట్ అనే ఉంచండి. లోపల వరస మార్చండి. 90 రోజుల్లో సగం, అంటే 45 రోజులు, ఏ లైబ్రరీ లేకుండా ఉత్త బ్రౌజర్ మీద పని చేయించండి. అందులో ఎక్కువ భాగం జావాస్క్రిప్ట్‌కే పోవాలి. ఈవెంట్లు, ఫామ్‌లు, సర్వర్ నుంచి డేటా తెచ్చుకోవడం, తెచ్చేలోపు నెట్ పోతే ఏం చేయాలి, ఇవి. మొదటిరోజే ఎఫ్12 నొక్కించండి. తప్పు ఎక్కడుందో చూసే చోటు తెలియకుండా 90 రోజులూ గడిపేసిన పిల్లలున్నారు. ఆ తర్వాత టైప్‌స్క్రిప్ట్ రెండు వారాలు. జవాబు అంకెగానే ఉండాలని రాసిపెట్టుకుంటే ఇందాక చెప్పిన 50050 లాంటివాటిని చాలావరకు అది రాసేటప్పుడే పట్టేస్తుంది, కానీ ఆ దెబ్బ ఒకసారి తిన్నవాడికే దాని విలువ తెలుస్తుంది. చివర్లో ఒక్క ఫ్రేమ్‌వర్క్, ఒక్కటంటే ఒక్కటే. నన్నడిగితే హైదరాబాద్‌లో రియాక్ట్‌కి ఉద్యోగాలున్నాయి, బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో యాంగ్యులర్‌కీ ఉన్నాయి. ఏదైనా సరే. ఒకటి సరిగ్గా వచ్చినవాడు రెండోది ఉద్యోగంలో చేరాక నేర్చుకుంటాడు, మేమందరం అలా నేర్చుకున్నవాళ్ళమే.

"ఇప్పుడు కోడ్ అంతా ఏఐ రాసేస్తుంటే ఇవన్నీ ఎందుకండీ" అని కూడా అన్నారు ఆ సార్. రాస్తుంది, నేనూ రోజూ రాయించుకుంటాను. అది రాసిచ్చిన 200 లైన్లలో ఎక్కడ అతికించిందో, ఎక్కడ కూడిందో చదివి చెప్పేవాడికే మేం జీతం ఇస్తున్నాం.

ఇంకొకటి, ప్రాజెక్టులు. వచ్చే ప్రతి రెజ్యూమెలోనూ అవే మూడు: టూడూ లిస్ట్, వెదర్ యాప్, నెట్‌ఫ్లిక్స్ క్లోన్. ఒకే బ్యాచ్‌వాళ్ళు ముగ్గురొస్తే ముగ్గురి కోడ్‌లోనూ ఒకే స్పెల్లింగ్ తప్పు. మావాణ్ని నేను ఏ సెంటర్లోనూ ఇంకా చేర్చలేదు. మూడు వారాలు ఆగమని, హాస్టల్ మెస్ మెనూకి ఒక పేజీ చేయమన్నాను. తెలుగులో. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ తప్ప ఏమీ ముట్టుకోవద్దన్నాను.

నాలుగో రోజు ఫోన్ చేశాడు. "మామయ్యా, గోంగూర పచ్చడిలో ఒత్తు తెగిపోతోంది" అన్నాడు. ఏదో వంట సంగతి అనుకుంది మా ఆవిడ. వాడు నెట్‌లో దొరికిన ఇంగ్లీషు డిజైన్‌ని తెచ్చి పెట్టాడు. అందులో లైన్ హైట్, అంటే వరస ఎత్తు, 1 అని ఉంది, డబ్బా దాటింది కనపడకుండా దాచేయమనీ ఉంది. ఇంగ్లీషు అక్షరాలకి అది చాలు. మన "చ్చ"కి కింద ఇంకో అంతస్తు ఉంటుంది కదా, ఆ ఒత్తు కాస్తా డబ్బా అంచున కోసుకుపోయింది. 1.6కి పెంచాక పచ్చడి బాగుపడింది. పేజీ తెలుగులో ఉందని హెచ్‌టీఎంఎల్‌లో రాయాలనీ, లేకపోతే స్క్రీన్ రీడర్ దాన్ని ఇంగ్లీషనుకుని తడబడొచ్చనీ ఆరోజే తెలుసుకున్నాడు. రెండు రోజుల తర్వాత ఇంకో ఫోన్. ముట్టుకోవద్దన్నా జావాస్క్రిప్ట్ తెరిచాడన్నమాట. "స్త్రీ" అని రాసి ఎన్ని అక్షరాలో అడిగితే 6 అని చెప్పిందట. సకారం, పొల్లు, తకారం, ఇంకో పొల్లు, రకారం, దీర్ఘం, దాని లెక్కలో ఆరు. కంటికి ఒకటి. పేరు పది అక్షరాలు దాటకూడదని ఎవరైనా ఫామ్‌లో రాసి పెడితే తెలుగు పేర్లు ఎందుకు సగంలో ఆగిపోతాయో వాడికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు స్తంభించిపోయాయని, ఆపిల్ ఆదరాబాదరాగా అప్‌డేట్ ఇచ్చిందని చెప్తే పడీపడీ నవ్వాడు. (మన అక్షరం ఆపిల్‌ని అంత పని చేసిందని నాకూ లోపల కాస్త గర్వమే.)

ఇవి అమెరికాలో రాసిన ఏ కోర్సులోనూ ఉండవు. మీరు చెప్పగలరు. మీ గదుల్లో కూర్చునే పిల్లలు తెలుగు చదివేవాళ్ళు, రేపు వాళ్ళు చేసే పేజీల్లో కొన్నయినా రైతులూ పింఛనుదారులూ చూసే తెలుగు పేజీలే అవుతాయి.

మావాడి మూడు వారాలు వచ్చే ఆదివారంతో అయిపోతాయి. సోమవారం నుంచి డెమో క్లాసులకి తిరుగుతాడు, ఈసారి నేనూ వెంట వస్తాను. మొదటి క్లాసులో పెద్దగా అడిగేదేం లేదు. బోర్డు మీద 500 రాసి, పక్కన కూడిక గుర్తు పెట్టి, 50 రాయమంటాడు. ఎవరు దాని దగ్గర ఆగి మాట్లాడతారో అక్కడ ఫీజు కడతాం. మీలో ఎవరికైనా ఆ 45 రోజుల సిలబస్ కూర్చి రాసుకోవడానికి తోడు కావాలంటే శని, ఆదివారాలు నాకు వీలవుతుంది. డబ్బులేం వద్దు. సాయంత్రం క్లాసులయ్యాక మైత్రీవనం ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర కలుద్దాం.

ఇట్లు,
2010 మే బ్యాచ్, ఉదయం ఏడు గంటలు, మూడో అంతస్తు